చెరకు తోటలో దిగబడ్డ పాటన్: 1/35 డయోరమా కట్టడం, రంగు వేయడం

డయోరమా అంటే నేలా పరిసరాలతో సహా కట్టే చిన్న సీను, 1/35 అంటే అసలు కొలతలో ముప్పై ఐదో వంతు. ట్యాంకు బాగానే వస్తుంది. తీసుకెళ్ళి బేస్ మీద పెట్టగానే బొమ్మల కొలువులో బొమ్మలా కనిపిస్తుంది. మొదటి డయోరమా కట్టినవాళ్ళలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. రంగు ఎంత బాగా వేసినా ఇది పోదు, ఎందుకంటే తేడా వచ్చేది పని వరసలో. ట్యాంకు, నేల రెండూ కలిసి పెరగాలి. ట్యాంకు పొట్ట ఎంత లోతు దిగుతుందో తేల్చకుండా ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) డబ్బా మూత తీయకండి.

ఉదాహరణకు ఒక నిజమైన సీను తీసుకుందాం. 1965 సెప్టెంబరు 8-10, పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్. మనవాళ్ళు చెరకు పొలాలకు నీళ్ళు వదలడంతో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు అక్కడే కూరుకుపోయాయి. మనం కట్టేది ఒకే ఒక్క ట్యాంకు. సిబ్బంది వదిలేసి పోయారు, హ్యాచ్‌లు (పై మూతలు) తెరిచే ఉన్నాయి, చుట్టూ చెరకు, మోకాలి లోతు బురద.

## 1. ముందు కొలతలు

ఎం47 రకం పాటన్ హల్ (ట్యాంకు మొండెం) పొడవు 6.36 మీటర్లు. 1/35లో అది 18 సెం.మీ. ఫిరంగి ముందుకు చాపితే 24 సెం.మీ. పైన. వెడల్పు 10 సెం.మీ. దీనికి 30 × 22 సెం.మీ. బేస్ సరిపోతుంది. ట్యాంకును అంచులకు సమాంతరంగా పెట్టకండి, మూల నుంచి మూలకి ఏటవాలుగా పెట్టండి.

పొట్టకీ నేలకీ మధ్య అసలు ట్యాంకులో సుమారు 47 సెం.మీ. ఉంటుంది, అంటే మోడల్‌లో 13 మి.మీ. ఆ 13 మి.మీ. దిగితే పొట్ట బురదకు ఆనింది, ఇక బండి కదలదు.

నాలుగు మూలలూ సమానంగా దింపితే మాత్రం మునిగిన పడవలా ఉంటుంది. ఎం47కి స్ప్రాకెట్ (ట్రాక్‌ను, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాను, లాగే పళ్ళ చక్రం) వెనక ఉంటుంది. బయటపడాలని ఇంజిన్ రేజ్ చేసేకొద్దీ ట్రాక్ తన కింది మట్టిని తోడుకుంటూ వెనక భాగాన్నే ఎక్కువ దింపుతుంది. ఈ కొలతలు పెట్టుకోండి:

- వెనక, ఎడమ: 15 మి.మీ.
- వెనక, కుడి: 12 మి.మీ.
- ముందు, ఎడమ: 9 మి.మీ.
- ముందు, కుడి: 6 మి.మీ.

ఎద్దుల బండి దిగబడటం చూసినవాళ్ళకి ఈ వాలు వేరే చెప్పక్కర్లేదు.

## 2. కిట్ ఎంచుకోవడం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. దుకాణంలో తేలిగ్గా దొరికే తామియా కంపెనీ ఎం48ఎ3 (పాటన్‌లోనే ఇంకో రకం) కిట్ పట్టుకొచ్చి 1965 సీను కడతారు. ఎ3 డీజిల్ ఇంజిన్ రకం. 1965లో పాకిస్తాన్ దగ్గరున్న ఎం48లు పెట్రోలువి. రెండిటికీ వెనక ఇంజిన్ డెక్ (ఇంజిన్ పైకప్పు) వేరుగా ఉంటుంది, తెలిసినవాళ్ళు వెనక్కి తిప్పి చూస్తే దొరికిపోతారు.

ఎం47 తీసుకుంటే ఈ తలనొప్పి లేదు. ఇటలేరి కంపెనీది పాతది, చవక. టాకోమ్ కంపెనీది కొత్తది, భాగాలు ఎక్కువ, అమరిక చక్కగా ఉంటుంది. సగం బురదలోకి పోయే సీనుకి ఇటలేరి చాలు, అడుగు భాగం ఎలాగూ కనిపించదు. మిగిలిన డబ్బు రెజిన్‌కి పెట్టండి.

రెండు రకాలనూ గుర్తుపట్టడం తేలికే. ఎం47 టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) ముందు వైపు సన్నగా సాగి ఉంటుంది, హల్ ముందు మెషిన్ గన్ ఉంటుంది, సిబ్బంది 5 మంది. ఎం48లో హల్ గన్నర్ లేడు, సిబ్బంది 4.

## 3. సామాను

మోడల్ కోసం:
- నిప్పర్, కొత్త బ్లేడ్లు, 400, 800, 1000 నంబరు వాటర్ పేపర్
- ప్లాస్టిక్ సిమెంట్, సూపర్ గ్లూ, పుట్టీ
- గ్రే ప్రైమర్. తామియా ఎక్స్‌ఎఫ్-62 ఓలివ్ డ్రాబ్, ఎక్స్‌ఎఫ్-57 బఫ్, ఎక్స్‌ఎఫ్-52 ఫ్లాట్ ఎర్త్, ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్
- ముదురు బ్రౌన్ ఆయిల్ రంగు, వాసన లేని థిన్నర్
- గ్లాస్ (మెరిసే), మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌లు

నేల కోసం:
- 12 మి.మీ. ప్లైవుడ్, 30 × 22 సెం.మీ.
- 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్, దొరక్కపోతే గట్టి థర్మాకోల్
- ఫెవికాల్ 250 గ్రాములు
- టీ వడకట్టే జాలిలో జల్లించిన మట్టి, రెండు గ్లాసులు
- మెత్తటి రంపపు పొట్టు, ఒక గ్లాసు
- కొబ్బరి ఈనెల చీపురు ఒకటి, మామూలు జిరాక్స్ కాగితాలు 4
- రెండు భాగాల క్లియర్ ఎపాక్సీ రెజిన్, 100 గ్రాములు
- ఎం-సీల్, ఫుడ్ ర్యాప్, గ్లోవ్స్, మాస్క్

మట్టి ఎక్కడి నుంచి తెస్తున్నారో చూసుకోండి. పంజాబ్ పొలాలది ఒండ్రు మట్టి, ఆరితే బూడిద కలిసిన లేత గోధుమ రంగు. మన పెరట్లోని ఎర్రమట్టి అలాగే పోస్తే చూసినవాళ్ళు నల్గొండ అనుకుంటారు. ఏ మట్టి అయినా పైన రంగు వేయాల్సిందే.

## 4. బేస్, గుంట

ప్లైవుడ్‌కి రెండు వైపులా ఒక పూత వార్నిష్ వేయండి. ఒకవైపే వేస్తే తడికి చెక్క వంగుతుంది.

ఫోమ్‌ని ఫెవికాల్‌తో అంటించి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. థర్మాకోల్ అయితే పైనంతా ఫెవికాల్ రెండు పూతలు తప్పదు. స్ప్రే ప్రైమర్, సూపర్ గ్లూ రెండూ థర్మాకోల్‌ని తినేస్తాయి.

ఇప్పుడు హల్ కింది భాగం, చక్రాలు మాత్రం కట్టండి. దాన్ని ఫోమ్ మీద పెట్టి పెన్నుతో గీసి, పై కొలతల కంటే 4 మి.మీ. ఎక్కువ లోతు తవ్వండి. ఆ 4 మి.మీ. బురద పొరకి. ట్యాంకు వచ్చిన దారిలో ట్రాక్ వెడల్పున రెండు గాళ్ళు చెక్కండి. అంచు దగ్గర 3 మి.మీ. లోతుతో మొదలై ట్యాంకు చేరేసరికి 12 మి.మీ. అవ్వాలి. బండి మెల్లగా దిగబడిందని చెప్పేది ఆ గాడే.

## 5. ట్యాంకు కట్టడం

కిట్ కాగితంలో ఉన్న వరసే. కొన్ని జాగ్రత్తలు మాత్రం:

- ట్రాక్ వినైల్‌ది అయితే పైభాగం గాల్లో తేలుతుంది. రిటర్న్ రోలర్ల (ట్రాక్ పైభాగాన్ని మోసే చిన్న చక్రాల) మీద సూపర్ గ్లూతో అంటించి, ఆరేదాకా ఫెండర్‌కీ (ట్రాక్ పైని రేకుకీ) ట్రాక్‌కీ మధ్య స్పాంజి ముక్క ఇరికించండి.
- టరెట్‌ని హల్‌కి అంటించకండి. రంగుకీ బురదకీ విడిగా ఉండాలి.
- హ్యాచ్‌లు తెరిచి పెడుతున్నారు కాబట్టి లోపల నల్లగా రంగు వేసి, కనిపించే మేరకు ఒక సీటు వెన్ను, ఒక పెట్టె పెడితే చాలు.
- ఫెండర్ అంచుల్ని బ్లేడుతో వెనక నుంచి గీరి పల్చన చేసి కొద్దిగా వంచండి.

పూర్తయ్యాక హల్ కింది భాగానికి ఫుడ్ ర్యాప్ చుట్టి పక్కన పెట్టుకోండి. తర్వాతి అడుగులో అదే అచ్చు.

## 6. నేల పోయడం

పాళ్ళు: జల్లించిన మట్టి 2, ఫెవికాల్ 1, రంపపు పొట్టు అర, ఇడ్లీ పిండి జారు వచ్చేదాకా నీళ్ళు. అందులో ముదురు బ్రౌన్ యాక్రిలిక్ ఒక చెంచా కలపండి. తర్వాత ఎక్కడైనా గీరుకున్నా తెల్లగా బయటపడదు.

ఒక్కో పొర 3-4 మి.మీ. మించకూడదు. మందంగా పోస్తే పైన ఆరి, లోపల తడి మిగిలి పగుళ్ళిస్తుంది. పొట్టు వేసేది ఆ పగుళ్ళు ఆపడానికే.

పొర తడిగా ఉండగానే ఫుడ్ ర్యాప్ చుట్టిన ట్యాంకును గుంటలో నొక్కండి. మట్టి పక్కలకి ఉబ్బుతుంది. ఆ ఉబ్బును చదును చేయకండి, నిజం బురదా అలాగే లేస్తుంది. గంట ఆగి ట్యాంకును నేరుగా పైకి తీయండి.

చెరకు వచ్చే చోట సాళ్ళు తీయండి. సాలుకీ సాలుకీ మధ్య 75-90 సెం.మీ. అనుకుంటే, మోడల్‌లో 21-26 మి.మీ. ఒక పాత దువ్వెన వెనక్కి తిప్పి లాగితే బోదెలు చక్కగా వస్తాయి.

ఎండ కాలంలో రెండు రోజులు, ముసురులో వారం ఆరనివ్వండి. తడి మిగిలితే తర్వాత పోసే రెజిన్ పాలలా తెల్లబడుతుంది.

## 7. ట్యాంకు రంగు

1. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక గ్రే ప్రైమర్. వాన రోజుల్లో ల్యాకర్ ప్రైమర్ కొడితే తెల్లటి పొగ పట్టినట్టవుతుంది. తేమ తగ్గిన వేళ చూసుకోండి.

2. అడుగు, మూలలు, చక్రాల వెనక నాటో బ్లాక్.

3. ఎక్స్‌ఎఫ్-62 ఒక పాలు, థిన్నర్ ఒకటిన్నర పాలు, ఎయిర్‌బ్రష్ ఒత్తిడి 15-18 పీఎస్ఐ, దూరం 8-10 సెం.మీ. పల్చగా మూడు పూతలు. మిట్టమధ్యాహ్నం ఎండలో రంగు గాల్లోనే ఆరి ఇసుకలా పడుతుంది. పొద్దున్నే కొట్టండి, లేదా నాలుగు చుక్కలు రిటార్డర్ (రంగు త్వరగా ఆరకుండా ఆపేది) కలపండి.

4. అదే రంగులో ఐదో వంతు బఫ్ కలిపి పై తలాల మధ్యలో మాత్రం. ఎండకి వెలిసేది పైకప్పే.

5. గ్లాస్ వార్నిష్, డెకాల్స్ (నీళ్ళలో తడిపి అంటించే గుర్తులు, నంబర్లు), మళ్ళీ గ్లాస్. మీ దగ్గర ఆ ట్యాంకు ఫొటో లేకపోతే ఊహించి నంబర్లు వేయకండి. నంబరు లేని ట్యాంకును ఎవరూ తప్పుపట్టరు.

6. బ్రౌన్ ఆయిల్ రంగు ఒకటికి థిన్నర్ పది, దీన్నే వాష్ అంటారు. సన్నటి బ్రష్‌తో బోల్టుల చుట్టూ, అతుకుల్లో మాత్రమే. ఇరవై నిమిషాల తర్వాత, థిన్నర్ తడిపి ఒత్తేసిన బ్రష్‌తో పై నుంచి కిందికి లాగండి.

7. మ్యాట్ వార్నిష్. ఒకరోజు విరామం.

స్మారకాల దగ్గర నిలబెట్టిన ట్యాంకుల్ని చూసి రంగు కలపకండి. వాటికి మళ్ళీ మళ్ళీ వేసే రంగు వేరు. అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) కావల్రీ ట్యాంక్ మ్యూజియంలాంటి చోటికి వెళ్తే ఆకారం, వెల్డింగ్ గీతలు, బోల్టుల వరస ఫొటో తీసుకోండి. రంగు మాత్రం నమ్మకండి.

## 8. చెరకు

పనిలో సగం ఇదే. మూడు నాలుగు సాయంత్రాలు పోతాయి. కొనే రెడీమేడ్ గడ్డి కట్టలు పెట్టారంటే అది చెరకు కాదని మనవాళ్ళెవరికైనా ఒక్క చూపులో తెలిసిపోతుంది.

గడ. చీపురు పుల్ల సన్నటి చివరి సగం తీసుకోండి. 0.8-1 మి.మీ. మందం, నిజం చెరకు గడకి సరిగ్గా 1/35. 50 మి.మీ. ముక్కలుగా కోయండి. బ్లేడు అంచు కింద పెట్టి పుల్లను ఒక చుట్టు దొర్లిస్తే కణుపు గీత పడుతుంది. ప్రతి 3-4 మి.మీ.కి ఒకటి. పసుపు కలిసిన ఆకుపచ్చ వేసి, ఆరాక పల్చటి బ్రౌన్ వాష్ పూస్తే కణుపుల్లో నిలుస్తుంది. 150 గడలు కావాలి.

ఆకు. జిరాక్స్ కాగితానికి రెండు వైపులా ఆకుపచ్చ వేసి ఆరనివ్వండి. కోశాక వేస్తే అంచులు చుట్టుకుపోతాయి. 40 మి.మీ. ఎత్తు, 9 మి.మీ. వెడల్పు ముక్క కోసి, కింద 4 మి.మీ. వదిలి, పైనంతా ఆరు పళ్ళ దువ్వెనలా చీల్చండి. ఒక్కో పన్ను కొసను కత్తెరతో వాడిగా చేయండి. మొద్దు సూదితో ప్రతి ఆకు మధ్యలో ఈనె గీత నొక్కితే ఆకు కొద్దిగా మడిచినట్టు నిలబడుతుంది.

మొవ్వు. వదిలిన 4 మి.మీ. పట్టీకి ఫెవికాల్ రాసి, గడ కొసన ఏటవాలుగా చుట్టండి. ఏటవాలు వల్ల ఆకులు ఒక్కో ఎత్తులో బయటికొస్తాయి. జిగురు పచ్చిగా ఉండగానే వేళ్ళతో రెండు పక్కల నుంచి అదమండి. చెరకు ఆకు గడకి అటొకటి ఇటొకటి వస్తుంది, తాటి మొవ్వులా చుట్టూ విచ్చుకోదు. తర్వాత ప్రతి ఆకునూ పెన్ను మీద లాగి కొస వంచండి. గడా ఆకూ కలిపి 75-85 మి.మీ. ఎత్తు రావాలి.

ఎండాకు. బ్రౌన్ పేపర్ సన్న పీలికలు గడ మధ్యలో రెండేసి, కిందికి వేలాడేలా. ఇది మానేస్తే ప్లాస్టిక్ తోటలా ఉంటుంది.

నాటే ముందు ఆకులకి మ్యాట్ వార్నిష్ కొట్టండి. నాటేటప్పుడు సాలులో 12-15 మి.మీ.కి ఒక దుబ్బు, దుబ్బుకి 4-5 గడలు. సూదితో బెజ్జం చేసి, పుల్ల కొస ఫెవికాల్‌లో ముంచి గుచ్చండి. బెజ్జం లేకుండా గుచ్చితే నేల పెచ్చులూడుతుంది.

ట్యాంకు వచ్చిన దారిలో చెరకు ట్యాంకు పోయిన దిక్కుకే వాలి ఉండాలి. ముక్కుతో తోసుకుంటూ వచ్చింది కదా. పది పన్నెండు గడలు విరిచి గాళ్ళలో నొక్కండి, విరిగిన చోట లేత పసుపు చుక్క పెట్టండి. రెండు ఆకులు ముందు ఫెండర్ మీద, ఒకటి హెడ్‌లైట్ కమ్మీలో ఇరుక్కుని ఉంటే ఇంకా మంచిది.

## 9. ట్యాంకును దించడం, బురద పట్టించడం

మళ్ళీ అదే మట్టి పేస్టు కొంచెం పల్చగా కలిపి గుంటలో పొర పోసి, రంగు వేసిన ట్యాంకును అచ్చులో కూర్చోబెట్టండి. చక్రాల మధ్య ఖాళీల్లోకి పేస్టును పాత బ్రష్‌తో కుక్కండి. ట్యాంకుకీ నేలకీ మధ్య గీతలా నీడ కనబడితే అక్కడ ఇంకా నింపాలి.

బురదను మూడు అంతస్తులుగా చూడండి:

- పైన, టరెట్, డెక్: పొడి దుమ్ము. బఫ్ పిగ్మెంట్ (పొడి రంగు) చాలా పల్చగా, మూలల్లో మాత్రమే.
- మధ్య, ఫెండర్లు, హల్ పక్కలు: ఆరిన చిందులు. ఫ్లాట్ ఎర్త్‌లో బఫ్ కలిపి, గట్టి బ్రష్‌ని పుల్లతో మీటండి. ముందు కాగితం మీద మీటి చూడండి, మొదటి చిందు ఎప్పుడూ పెద్ద చుక్కే.
- కింద, చక్రాలు, ట్రాక్: పచ్చి బురద. నేల పేస్టే, కానీ ముదురుగా.

పచ్చిదనం చూపించేది మెరుపు. అంతటా ఒకే గ్లాస్ పూస్తే చాక్లెట్ పోసినట్టుంటుంది. నీటికి ఆనే చోట నూరు పాళ్ళు గ్లాస్, ఒక సెంటీమీటరు పైకి గ్లాస్ మ్యాట్ సగం సగం, ఆపైన మ్యాట్. స్ప్రాకెట్ వెనక మాత్రం చిందులు ఫెండర్ పైదాకా ఎగరాలి. ట్రాక్ తిరిగింది అక్కడే.

## 10. నీళ్ళు

రెజిన్ పోసే ముందు గాళ్ళకీ పల్లాలకీ ఫెవికాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. మట్టిలోని గాలి బుడగలుగా పైకి రాకుండా ఇది ఆపుతుంది. బేస్ అంచున ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ షీట్) ముక్కను టేపుతో అంటించి అడ్డుకట్టగా నిలబెట్టండి.

ఎంత కావాలి? 10 × 8 సెం.మీ. మేర 3 మి.మీ. లోతుకి 24 మి.లీ. పాత్రకు అంటుకునేది కలుపుకుని 30 మి.లీ. కలపండి.

- సీసా మీది పాళ్ళే పాటించండి. బరువుతోనా కొలతతోనా అన్నది చదవండి. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు, ఎప్పటికీ జిగురుగానే మిగులుతుంది.
- మూడు నిమిషాలు మెల్లగా కలపండి, గిన్నె అడుగు, అంచులు గీకుతూ.
- బ్రౌన్ రంగు టూత్‌పిక్ కొసన వచ్చినంతే. బురద నీళ్ళకి అడుగు కనబడనక్కర్లేదు, కాబట్టి లోతు 3 మి.మీ. చాలు.
- పోశాక పది నిమిషాలకి హెయిర్ డ్రయర్ దూరం నుంచి చూపిస్తే బుడగలు పగులుతాయి.
- పైన అట్టపెట్టె బోర్లించి 24 గంటలు కదపకండి.

ఒక్కసారే మందంగా పోస్తే రెజిన్ వేడెక్కి పగులుతుంది, కింద థర్మాకోల్ ఉంటే కరుగుతుంది. గ్లోవ్స్, తెరిచిన కిటికీ తప్పనిసరి.

## 11. మనుషులు

ఇద్దరు చాలు, ట్యాంకును చూస్తున్న భారత సైనికులు. సీనుకి సరిపడే బొమ్మలు దొరక్కపోతే ఉష్ణప్రాంత దుస్తుల్లో ఉన్న రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ బొమ్మలు తీసుకోండి. ఉన్ని యూనిఫాం (బాటిల్‌డ్రెస్) వేసినవి వద్దు. చేతిలో .303 రైఫిల్ సరిపోతుంది. తలపాగా ఎం-సీల్‌తో: సన్నటి తాడులా చేసి, చదును చేసి, నుదుటి మీద ఏటవాలుగా పొరలు పొరలుగా చుట్టండి. దుస్తులకి ఓలివ్ గ్రీన్, ట్యాంకు రంగు కంటే లేతగా. లేకపోతే మనిషి ట్యాంకులో కలిసిపోతాడు.

పాదాలు కూడా బురదలో 3 మి.మీ. దిగాలి. ట్యాంకును ముంచి మనిషిని పైన నిలబెట్టడం చాలా మంది చేసే పొరపాటు.

ఆ పోరులో ఇటువైపు నిలిచిన డెక్కన్ హార్స్ హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన దళం. అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నవి షెర్మన్లు. ఇదే బేస్ పద్ధతితో రెండో డయోరమా కట్టాలనుకునేవాళ్ళకి అదొక దారి.

## 12. చెడితే ఏం చేయాలి

- నేల పగిలింది: పగులులోకి పల్చటి ఫెవికాల్ వదిలి, పైన పొడి మట్టి జల్లి వేలితో అదమండి.
- రెజిన్ చెరకు గడల మీదికి పాకింది: ఆరాక ఆ మెరుపు మీద మ్యాట్ వార్నిష్ సన్న బ్రష్‌తో.
- రెజిన్ జిగురుగానే ఉంది: రెండు రోజులు వెచ్చటి చోట ఉంచండి. అయినా అంటుకుంటే సరైన పాళ్ళలో కలిపిన కొత్త పొర 1 మి.మీ. పైన పోయండి.
- రెజిన్ తెల్లబడింది: లోపలి తడి పోదు. పైన బ్రౌన్ యాక్రిలిక్ పల్చగా పూసి, గ్లాస్ వార్నిష్‌తో బురద నీళ్ళుగా మార్చేయండి.
- డెకాల్ కింద వెండిలా మెరుస్తోంది: సూదితో పొడిచి, సెట్టింగ్ ద్రవం ఒక చుక్క.
- వాష్ మరకలు కట్టింది: అది మ్యాట్ మీద వేసినందుకు. థిన్నర్ బ్రష్‌తో పలచబరచండి, పోనిది దుమ్ము పొర కిందకి పంపేయండి.
- చెరకు ఆకులు కొన్నాళ్ళకి వాలిపోతున్నాయి: కాగితం తేమ పీల్చింది. నాటే ముందే మ్యాట్ వార్నిష్ కొట్టి ఉండాల్సింది. ఇప్పుడైతే హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, వేలితో ఆకు లేపి, అప్పుడు కొట్టండి.

అక్రిలిక్ పెట్టె చేయించేటప్పుడు ఎత్తు చెరకు కొస నుంచి కొలిచి, పైన కనీసం 2 సెం.మీ. వదలమని చెప్పండి. టరెట్ నుంచి కొలిచి చేయిస్తే మూత దిగదు.